పికప్‌కు పూచీ ఎవరిది?

1960ల్లో ఇటలీలోని ట్యూరిన్‌లో అబార్త్ అనే చిన్న సంస్థ ఒక చెక్కపెట్టెను అమ్మేది. అప్పట్లో ఆ దేశపు వీధుల నిండా తిరిగిన కారు ఫియట్ 500. వెనకవైపు రెండు సిలిండర్ల ఇంజిన్, 499.5 సీసీ, పద్దెనిమిదికి కాస్త తక్కువ హార్స్‌పవర్, గంటకు 95 కిలోమీటర్లకు చేరేసరికి ఆయాసపడిపోయే బండి. పెట్టె విప్పితే లోపల పెద్ద సిలిండర్లు, వాటికి సరిపడే పిస్టన్లు, కార్బ్యురేటర్, అల్యూమినియంతో చేసిన ఆయిల్ సంప్, అబార్త్ ముద్రతో సైలెన్సర్ ఉండేవి. చేతనైన మెకానిక్ వాటిని బిగిస్తే అదే కారు 593.7 సీసీతో, 27 హార్స్‌పవర్‌తో, గంటకు 120 కిలోమీటర్లు పోయే అబార్త్ 595 అయ్యేది. ఫ్యాక్టరీలోనే ఇలా తయారైన 595ను 1963లో విడుదల చేశారు. సంస్థ పెట్టిన కార్లో అబార్త్ 1908లో వియన్నాలో పుట్టారు, మోటార్‌సైకిల్ రేసుల్లో పేరు తెచ్చుకున్నారు, 1949లో ఇటలీలో సొంత కంపెనీ తెరిచారు. రేసుకార్ల ఖర్చు ఆయనకు సైలెన్సర్ల అమ్మకంతోనే గిట్టుబాటయ్యేది. విడివిడిగా సైలెన్సర్లు అమ్ముకుంటూ హాయిగా బతకగలిగిన మనిషి, ఇన్ని భాగాలను ఒకే పెట్టెలో సర్ది ఎందుకు అమ్మినట్టు? యూరప్ కార్ల శక్తిని పెంచే ప్యాకేజీల ఆరు దశాబ్దాల చరిత్రంతా ఈ ప్రశ్నకు వచ్చిన రకరకాల జవాబులే. పెట్టె పోయి చిప్ వచ్చింది, చిప్ పోయి సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఇప్పుడు నెలవారీ చందా వచ్చింది. ఈ ప్యాకేజీల్లో దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి పెట్టకూడదో తేల్చడానికి హార్స్‌పవర్ లెక్క చాలదని నా వాదన. ఈ భాగాలన్నీ కలిసి సరిగా పనిచేస్తాయని పూచీ పడింది ఎవరు, ఆ పూచీకి వాళ్లు ఏం పని చేశారు అన్నదే అసలు కొలత.

ముందుగా ప్యాకేజీ అవసరం ఎందుకొచ్చిందో చూడాలి. ఇంజిన్‌లో శక్తి పుట్టేది గాలి, పెట్రోలు కలిసి మండినప్పుడు. ఎక్కువ శక్తి కావాలంటే ఎక్కువ గాలి లోపలికి పోవాలి, దానికి తగ్గ పెట్రోలు అందాలి, మంట సరైన క్షణంలో అంటుకోవాలి, కాలిన పొగ అడ్డులేకుండా బయటికి పోవాలి, అదనంగా పుట్టిన వేడిని ఎవరో ఒకరు మోసుకుపోవాలి. వీటిలో ఒకదాన్ని మార్చి మిగతావి వదిలేస్తే లాభం సగమే వస్తుంది, నష్టం మాత్రం పూర్తిగా వస్తుంది. బోరుకు ఐదు హార్స్‌పవర్ మోటారు తీసేసి ఏడున్నర పెట్టిన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కేబుల్, స్టార్టర్, పైపు పాతవే ఉంచితే నీళ్లు పెరగకపోగా వైండింగు కాలిపోతుంది. కారు విషయంలో చిక్కు ఇంకొకటి ఉంది. ఇంజిన్ బలపడితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే బ్రేకు మీద పడే భారం అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆపడానికి కరిగించాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అంటే ఇంజిన్‌కు చేసిన ప్రతి ఉపకారానికీ బ్రేకుల్లో, స్ప్రింగుల్లో, టైర్లలో ఖర్చు చెల్లించాల్సిందే. ఈ లెక్కంతా తెలిసినవాడు, కొనేవాడి తరఫున ముందే వేసి పెట్టడమే ప్యాకేజీ. భాగాల ధర కంటే ఆ లెక్క ధరే ఎక్కువ.

ఆ లెక్కకు కారు తయారుచేసిన కంపెనీ కూడా ఒప్పుకుంటే పూచీ పూర్తవుతుంది. అది తొలినాళ్లలోనే జరిగిన చోటు జర్మనీ. బవేరియాలోని కౌఫ్‌బ్యూరెన్ పట్టణంలో బర్కార్డ్ బోవెన్‌సీపెన్ అనే యువకుడు, తండ్రి నడుపుతున్న టైప్‌రైటర్ల ఫ్యాక్టరీ ఆవరణలోనే 1960ల మొదట్లో బీఎండబ్ల్యూ 1500 కారు కోసం జంట వెబర్ కార్బ్యురేటర్ల అమరిక తయారుచేశారు. ఆ తర్వాత బీఎండబ్ల్యూ అంతకంటే బలమైన 1800 మోడల్ తెచ్చింది. అప్పటికే 1500 కొనుక్కున్నవాళ్లకు మనసు చివుక్కుమంది. కారు మార్చకుండానే ఆ లోటు తీర్చే దారి బోవెన్‌సీపెన్ చూపించారు. పని ఎంత శుభ్రంగా ఉందంటే, ఆయన అమరిక బిగించిన కార్లకూ ఫ్యాక్టరీ వారంటీ వర్తిస్తుందని 1964లో బీఎండబ్ల్యూ ప్రకటించింది. మరుసటి ఏడాది ఆల్పినా సంస్థ పుట్టింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బయటివాడు విప్పి బిగించిన ఇంజిన్‌కు తయారీదారు జవాబుదారీ వహించడం మామూలు విషయం కాదు. ఏ కంపెనీకైనా తేలికైన జవాబు 'మా చేతుల్లోంచి పోయింది, మాకు సంబంధం లేదు' అన్నదే. ఆ జవాబు చెప్పకుండా పరీక్షించి, ఒప్పుకుని, సంతకం పెట్టారు. 1983 నాటికి జర్మనీ ప్రభుత్వ మోటారు వాహనాల సంస్థ ఆల్పినాను కార్ల తయారీదారుగానే నమోదు చేసింది. 2022లో ఆ పేరును బీఎండబ్ల్యూయే కొనుక్కుంటున్నట్టు ప్రకటించింది.

మిగతా పెద్ద పేర్ల కథ కూడా ఈ దారిలోనే నడిచింది. మెర్సిడెస్‌లో పనిచేసిన హన్స్ వెర్నర్ ఆఫ్‌రెష్ట్, ఎర్హార్డ్ మెల్షర్ కలిసి 1967లో ఏఎంజీ పెట్టారు. 1971లో బెల్జియంలోని స్పా 24 గంటల రేసులో వాళ్లు దించిన బరువైన ఎర్ర మెర్సిడెస్ సెడాన్ రెండో స్థానంలో నిలిచి అందరినీ నివ్వెరపరిచింది. 1999లో మాతృసంస్థ అందులో 51 శాతం వాటా తీసుకుంది, 2005లో మొత్తం తీసుకుంది. అబార్త్‌ను ఫియట్ 1971లోనే కొనేసింది. బయటివాళ్ల పనిలో లాభముందని గ్రహించిన ఫ్యాక్టరీలు, ఆ పనిని తామే చేసి కొత్త మోడల్‌గా కూడా అమ్మాయి. 1976లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ నిజానికి ఒక ప్యాకేజీయే. పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్‌తో 110 హార్స్‌పవర్ ఇంజిన్, ముందు చక్రాలకు గాలి ఆడే డిస్క్ బ్రేకులు, గట్టిపరిచిన సస్పెన్షన్, అన్నీ ఒక మామూలు కుటుంబ కారులో సర్దారు. 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకుని మొదలుపెడితే, ఆ మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది. శక్తి, బ్రేకు, సస్పెన్షన్ మూడూ కలిసి పెరిగితే సామాన్యుడు కూడా ఎగబడి కొంటాడని అది రుజువు చేసింది.

ఆ కలయికను విడగొట్టింది కంప్యూటర్. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో బాష్ కంపెనీ మోట్రానిక్ అనే వ్యవస్థ వచ్చింది. పెట్రోలు ఎంత చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి అన్న రెండు నిర్ణయాలనూ ఒకే ఎలక్ట్రానిక్ పెట్టె తీసుకోవడం దానితో మొదలైంది. దాన్నే ఇప్పుడు ఈసీయూ అంటున్నారు. ఆ నిర్ణయాలు ఒక చిప్‌లో పట్టికల రూపంలో ఉంటాయి. చిప్ మారిస్తే పట్టిక మారుతుంది, పట్టిక మారితే ఇంజిన్ నడత మారుతుంది. టర్బో ఇంజిన్లు వచ్చాక ఇది ఇంకా తేలికైంది. టర్బో అంటే పొగ వేగంతో తిరిగే ఫ్యాను గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోస్తుంది, ఆ ఒత్తిడి ఎంతన్నది కంప్యూటరే చెబుతుంది. 1990ల మధ్యలో ఆడీ ఏ4లో వచ్చిన 1.8 లీటర్ల టర్బో ఇంజిన్ 150 హార్స్‌పవర్ ఇచ్చేది. ఒక్క స్క్రూ ఇంజిన్‌లో విప్పకుండా, సాఫ్ట్‌వేర్ మార్చి అదే ఇంజిన్ నుంచి 190 దరిదాపుల్లో రాబట్టగలిగారు. పెట్టె నిండా లోహం మోసిన వ్యాపారం గోరంత చిప్‌కు కుదించుకుపోయింది. రీమ్యాప్ అన్న మాట మన మెకానిక్ షెడ్ల దాకా వచ్చింది ఈ దారినే.

రీమ్యాప్‌ను సమర్థించేవాళ్ల వాదనలో బలముంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఫ్యాక్టరీ వాళ్లు ఇంజిన్‌ను దాని సత్తాకు చాలా తక్కువలోనే ఆపుతారన్నది నిజం. ఒకే ఇంజిన్‌ను ఒక మోడల్‌లో 150, మరో మోడల్‌లో 180 హార్స్‌పవర్‌గా అమ్మడానికి వ్యాపార కారణాలే ఎక్కువన్నదీ నిజమే. కానీ మిగిల్చిన జాగా అంతా వ్యాపారం కోసమే కాదు. ఒకే కారు నార్వే చలిలోనూ తిరగాలి, స్పెయిన్ ఎండలోనూ తిరగాలి, నాసిరకం పెట్రోలు పోసినా బతకాలి, పదేళ్ల తర్వాత కార్బన్ పేరుకున్నా నడవాలి. ఆ జాగా ఈ కష్టాల కోసం దాచిన పొదుపు. దాన్ని తీసి ఖర్చు పెట్టుకోవచ్చు, కానీ ఖర్చు పెడుతున్నామన్న సంగతి తెలియాలి. మొదటి తరం ఆడీ టీటీ దీనికి మంచి సాక్ష్యం. అందులో కూడా ఈ 1.8 టర్బో ఇంజినే ఉంది, 180 హార్స్‌పవర్‌లో ఒకటి, 225లో ఒకటి. రెండోదానికి ఆడీ పెద్ద టర్బో పెట్టింది, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్లు రెండు పెట్టింది. ఆ శక్తిని చేరడానికి ఫ్యాక్టరీ ఇంజినీర్లే లోహం మార్చాల్సి వచ్చిందంటే, అది సాఫ్ట్‌వేర్‌తో ఊరికే వచ్చేది కాదని అర్థం.

ఈ దశలోనే 'స్టేజ్' అన్న లెక్క పుట్టుకొచ్చింది. స్టేజ్ 1 అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే. స్టేజ్ 2 అంటే దానితోపాటు గాలి లోపలికి పోయే దారి, పొగ బయటికి వచ్చే పైపు మార్చడం. స్టేజ్ 3 అంటే పెద్ద టర్బో, ఎక్కువ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు. అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్ల చుట్టూ ఎదిగిన ఏపీఆర్ వంటి సంస్థలు ఈ లెక్కతోనే జనానికి చేరువయ్యాయి. వినడానికి ప్రమాణంలా ఉంటుంది కానీ, ఏ ప్రభుత్వమూ, ఏ ప్రమాణాల సంస్థా దీన్ని నిర్వచించలేదు. ఒకరి స్టేజ్ 2 మరొకరికి ఒకటిన్నర. అంతకంటే నన్ను బాధపెట్టే విషయం, మూడు మెట్లలో ఎక్కడా బ్రేకుల ఊసు లేకపోవడం. గోల్ఫ్ జీటీఐకి ఉన్న వివేకం ఈ మెట్లలో జారిపోయింది. ఎక్కేది హార్స్‌పవర్ మెట్లే, ఆగే సంగతి కొనేవాడి తలకాయకే వదిలేశారు. పూచీ సంగతీ అంతే. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు షోరూంలో సాఫ్ట్‌వేర్ మారినట్టు బయటపడితే ఆ కారు నంబరు మీద టీడీ1 అన్న గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో సంబంధించిన వారంటీ కోసం వాదించుకుంటూ కూర్చోవాలి.

మంచి ట్యూనర్లు లేరా అంటే, ఉన్నారు. కాలిఫోర్నియాలో స్టీవ్ డైనన్ 1979లో పెట్టిన సంస్థ బీఎండబ్ల్యూ కార్లకు తాను బిగించిన భాగాల మీద, బీఎండబ్ల్యూ కొత్త కారుకు ఇచ్చే నాలుగేళ్లు లేదా 50,000 మైళ్ల వారంటీకి దీటుగా తానే వారంటీ ఇచ్చింది. జర్మనీలో టీయూవీ వంటి తనిఖీ సంస్థల కాగితం లేకుండా మార్చిన భాగంతో రోడ్డెక్కితే కారు నడిపే అనుమతే పోవచ్చు. అందుకని అక్కడి పేరున్న ట్యూనర్లు భాగంతోపాటు ఆ కాగితాన్నీ అమ్ముతారు. కొనేవాళ్లకు ఇది చిరాకు పుట్టించే వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ఆ చిరాకే అక్కడి ట్యూనింగ్ పరిశ్రమను నిలబెట్టిందని నా నమ్మకం. కాగితం తేలేనివాడు ఆ మార్కెట్‌లో నిలవలేడు. కాలిఫోర్నియా ఇంకో అడుగు వేసింది. అక్కడి స్మాగ్ చెక్ అనే పొగ తనిఖీలో 2021 జూలై నుంచి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ కూడా చూస్తున్నారు. తయారీదారు ఇచ్చినదో, రాష్ట్రపు గాలి నాణ్యతా బోర్డు ఆమోదించినదో కాకపోతే కారు తప్పుతుంది. బే ఏరియాలో జర్మన్ కారు నడుపుతున్న తెలుగువాళ్లు పాత కారు కొనేముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోవడం మంచిది, ముందు యజమాని చేయించిన రీమ్యాప్ భారం మీ నెత్తిన పడుతుంది.

మన దగ్గర చట్టం ఇంకా కఠినం, అమలు మాత్రం అంతంతే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పిన దానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలో, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానానో, రెండూనో విధించవచ్చంటుంది. అయినా ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టర్బో కార్లకు రీమ్యాప్ చేయించడం మన నగరాల్లో బహిరంగంగానే సాగుతోంది. చట్టం మాట పక్కన పెట్టినా, ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ పట్టిక రాసినవాడు ఏ ఎండను ఊహించుకుని రాశాడు? మే నెలలో రామగుండంలో నీడపట్టునే 45 డిగ్రీలు. టర్బో మింగే గాలి అంత వేడెక్కి వస్తే మంట సమయానికి ముందే అంటుకునే ప్రమాదముంది, పిస్టన్లకు దెబ్బ తగిలేది అక్కడే. ఫ్యాక్టరీ దాచిన పొదుపు ఇలాంటి ఊళ్ల కోసమే. చలిదేశంలో రాసి, డౌన్‌లోడ్ చేసి ఎక్కించిన పట్టికకు రామగుండం ఎండ తెలియదు. ఇంజిన్ పోయాక దానికి జవాబు చెప్పే మనిషీ దొరకడు. బీమా కంపెనీకి చెప్పని మార్పు ప్రమాదం తర్వాత బయటపడితే క్లెయిమ్ దగ్గర మరో తగాదా.

చిప్‌తో విడిపోయిన కలయికను మళ్లీ అతికించే ప్రయత్నం 2000ల్లో ఫ్యాక్టరీలే చేశాయి. బీఎండబ్ల్యూ చేతికి వచ్చిన మినీకి, పాత మినీ కూపర్‌కు పేరు తెచ్చిన జాన్ కూపర్ కొడుకు మైక్ కూపర్ జాన్ కూపర్ వర్క్స్ కిట్ తయారుచేశారు. షోరూంలోనే బిగించేవారు, సిలిండర్ హెడ్, సూపర్‌చార్జర్, ఎగ్జాస్ట్, సాఫ్ట్‌వేర్ కలిసి మారి, 163 హార్స్‌పవర్ కూపర్ ఎస్ 200కు చేరేది. 2008 ప్రాంతంలో అబార్త్ పేరుకు మళ్లీ ప్రాణం పోసిన ఫియట్, 'ఎస్సెఎస్సె' అనే కిట్‌ను నిజంగానే చెక్కపెట్టెలో పెట్టి డీలర్లకు పంపింది. అబార్త్ 500ను అది 135 నుంచి 160 హార్స్‌పవర్‌కు తీసుకుపోయేది, దానితోపాటే రంధ్రాలున్న బ్రేక్ డిస్కులు, పొట్టి స్ప్రింగులు, పెద్ద చక్రాలు. ఇంగ్లండ్‌లో ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టీకి మౌంట్యూన్ ఇచ్చిన కిట్ 182 నుంచి 215కు పెంచింది, ఫోర్డ్ డీలరే బిగించి ఫోర్డ్ వారంటీ అలాగే ఉంచాడు. వోల్వోకు పోల్‌స్టార్ సాఫ్ట్‌వేర్ కూడా ఇదే పద్ధతి. వీటన్నిటికీ వీధి ట్యూనర్లు చెప్పే అభ్యంతరం ఒక్కటే, ధర ఎక్కువ, పెరిగే శక్తి తక్కువ. నిజమే. ఆ తేడా డబ్బు వారంటీకి పోయింది, ఆ తగ్గించిన శక్తి ఇంజిన్ ఆయుష్షుకు పోయింది. రెండూ కొనేవాడికే చేరాయి.

ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్యాకేజీ ఏదంటే, కాగితం మీద అన్నిటికంటే చప్పగా కనిపించేదే. 2013లో వచ్చిన ఏడో తరం గోల్ఫ్ జీటీఐకి 220 హార్స్‌పవర్. దానికి పర్ఫార్మెన్స్ ప్యాక్ తీసుకుంటే 230. బ్రిటన్‌లో దాని ధర 980 పౌండ్లు. సున్నా నుంచి గంటకు 100 కిలోమీటర్లకు చేరే సమయం ఆరున్నర సెకన్ల నుంచి 6.4కు, అంటే సెకనులో పదో వంతు తగ్గింది. పది గుర్రాలకు వెయ్యి పౌండ్లా అని ముక్కున వేలేసుకోవచ్చు. అసలు సంగతి మిగతా సరుకులో ఉంది. పెద్ద బ్రేకులు వచ్చాయి. ముందు చక్రాల మధ్య ఎలక్ట్రానిక్‌గా అదుపు చేసే డిఫరెన్షియల్ లాక్ వచ్చింది. ముందు చక్రాలతో నడిచే బలమైన కారు మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం నేల మీద పట్టు కోల్పోయి ఊరికే తిరుగుతుంది, కారు మలుపు బయటికి తోసుకుపోతుంది. ఆ లాక్ శక్తిని పట్టున్న బయటి చక్రానికి మళ్లిస్తుంది, కారు మలుపులోకే లాక్కుపోతుంది. అంటే ఆ వెయ్యి పౌండ్లలో ఎక్కువ భాగం వేగానికి పెట్టిన ఖర్చు కాదు, ఉన్న వేగాన్ని వాడుకోగలగడానికీ, అవసరమైనప్పుడు ఆపగలగడానికీ పెట్టినది. రీమ్యాప్ చేస్తే అంతకు సగం ధరకు నలభై హార్స్‌పవర్ వస్తుంది కదా అన్నవాళ్లకు, ఆ నలభై గుర్రాలనూ ఒక మలుపులో నేలకు దించి చూపించమనడమే సరైన జవాబు.

ఇదే కాలంలో ప్యాకేజీ అన్న మాటను పలచన చేసిన ధోరణి ఒకటి పెరిగింది. ఎం స్పోర్ట్, ఎస్ లైన్, ఆర్ లైన్, ఏఎంజీ లైన్ పేర్లతో వచ్చే ప్యాకేజీల్లో ముఖ్యంగా ఉండేవి బంపర్లు, చక్రాలు, స్టీరింగు, సీట్లు, కొన్నిట్లో కాస్త గట్టి స్ప్రింగులు. ఇంజిన్ జోలికి వెళ్లవు. మన షోరూంలలో అమ్ముడయ్యే జర్మన్ కార్ల మీద కనిపించే పేర్లలో ఇవే ఎక్కువ. అందం కోసం కొంటే తప్పేమీ లేదు. ఆ పేరు చూసి ఏఎంజీ ఇంజిన్ వచ్చిందనుకుంటే మాత్రం మోసపోయినట్టే.

2015 సెప్టెంబరులో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కుంభకోణం తర్వాత నియమాలు బిగిశాయి. 2017 నుంచి కొత్త మోడళ్లకు, 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ యూరప్‌లో డబ్ల్యూఎల్‌టీపీ అనే పొగ పరీక్ష తప్పనిసరైంది. చక్రం సైజు, బరువు, గాలి నిరోధం మారితే ఆ కారు పొగ లెక్క కూడా మారుతుంది, ఆ లెక్క కారు కారుకూ చూపాలి. దానితో కంపెనీలు విడివిడి ఆప్షన్లను కుదించి, కొన్ని కట్టలుగా కట్టేశాయి. ఆపైన ఐక్యరాజ్యసమితి వాహన నియమాలు ఆర్155, ఆర్156 వచ్చాయి. కారు సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్లు చొరబడకుండా కాపాడటం, మార్పులను నమోదు చేయడం తయారీదారు బాధ్యత అయింది, 2024 జూలై నుంచి యూరప్‌లో అమ్మే కొత్త కార్లన్నిటికీ. ఈసీయూకు తాళాలు ముందునుంచే గట్టిపడుతున్నాయి, ఇప్పుడు చట్టం వాటికి అండగా నిలిచింది. చొరబాటు నిరోధం అవసరమే, కదులుతున్న కారు బ్రేకులను ఎవరో దూరం నుంచి తాకకూడదు కదా. కానీ తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉంటే, దాన్ని తిప్పడానికి అద్దె అడిగే అవకాశం కూడా వాళ్లకే దక్కుతుంది.

ఆ అవకాశాన్ని ఎవరెలా వాడుకున్నారో చూస్తే తేడాలు తెలుస్తాయి. పోల్‌స్టార్ 2 అనే ఎలక్ట్రిక్ కారుకు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ 408 హార్స్‌పవర్‌ను 476 చేసింది. కారు అమ్ముడుపోయాక వచ్చింది, 1,000 యూరోలు ఒక్కసారి కడితే సరి. మెర్సిడెస్ 2022 నవంబరులో అమెరికాలో ఈక్యూఈ, ఈక్యూఎస్ కార్లకు 'యాక్సిలరేషన్ ఇంక్రీజ్' అన్న పేరుతో ఏడాదికి 1,200 డాలర్ల చందా ప్రకటించింది. ఈక్యూఈ 350 సెడాన్ గంటకు 60 మైళ్లకు చేరడానికి పట్టే ఆరు సెకన్లు దానితో 5.1కి తగ్గాయి. 2025లో ఫోక్స్‌వ్యాగన్ బ్రిటన్‌లో ఐడీ.3 ప్రో మోడళ్లను 201 హార్స్‌పవర్‌తో అమ్ముతూ, 228 కావాలంటే నెలకు 16.50 పౌండ్లు, లేదా ఒక్కసారికి 649 పౌండ్లు కట్టమంది. బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు వేడెక్కడానికి నెలవారీ చందా పెట్టి, జనం మండిపడితే 2023లో ఆ ఆలోచన మానుకుంది.

ఇక్కడ నా వాదనకే ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. పూచీయే కొలత అయితే ఈ చందాలు అన్నిటికంటే ముందుండాలి కదా? తయారీదారే ఇస్తున్నాడు, వారంటీ చెక్కుచెదరదు, టీడీ1 గుర్తు పడదు, చట్టంతో గొడవ లేదు. కంపెనీల వాదన కూడా ఇంతకు దగ్గరగానే ఉంటుంది. ఒకే రకం మోటారు తయారుచేస్తే ఖర్చు కలిసివస్తుంది, తక్కువ శక్తి చాలన్నవాడు తక్కువకే కొనుక్కుంటాడు, కావాలన్నవాడు తర్వాతైనా పెంచుకుంటాడు, నెలపాటు చూసి నచ్చకపోతే మానేస్తాడు. ఒకే ఇంజిన్‌ను 150, 180గా అమ్మిన రోజుల్లో ఈ సదుపాయం కూడా లేదన్నది ఒప్పుకోవాల్సిందే. పోల్‌స్టార్ పద్ధతి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. అమ్మిన కారుకు తర్వాత కొత్త పని చేశారు, దానికి ధర చెప్పారు, డబ్బు కట్టినవాడికి అది సొంతమైంది.

ఐడీ.3 సంగతి వేరు. పూచీకి ధర ఎందుకుంటుందంటే, పూచీ పడేవాడు కొత్తగా ఏదో భారం మోస్తాడు గనుక. బోవెన్‌సీపెన్ కార్బ్యురేటర్లకు సరేనన్న రోజున బీఎండబ్ల్యూ ఒక కొత్త ప్రమాదాన్ని నెత్తికెత్తుకుంది. జీటీఐ ప్యాక్‌లో బ్రేకు, లాక్ అదనంగా తయారై వచ్చాయి. ఐడీ.3లో మోటారు అదే, బ్యాటరీ అదే, బ్రేకులూ అవే. పైగా ఆ కారును మొదటినుంచీ 228 హార్స్‌పవర్ కారుగానే నమోదు చేశారు, అందుకే అప్‌గ్రేడ్ తీసుకున్నా బీమాలో మార్పుండదని కంపెనీ చెప్పింది. దీని అర్థం స్పష్టంగా చెప్పుకోవాలి. బీమా కంపెనీ దృష్టిలో అది 228 హార్స్‌పవర్ కారు, ఆ లెక్కనే ప్రీమియం కట్టేది యజమాని. కాలికింద మాత్రం 201. కొత్త భాగం లేదు, కొత్త ప్రమాదం లేదు, చందా కట్టిన రోజున కంపెనీ కొత్తగా మోసే భారమూ లేదు. అలాంటప్పుడు ఆ 16.50 పౌండ్లు దేనికి? కారు కొన్న రోజునే పూచీకి డబ్బు ఇచ్చేశాం, ఇది తాళం తీసినందుకు కట్టే డబ్బు. చవకగా కొనే అవకాశం కోసమే ఇదంతా అంటే, 201 హార్స్‌పవర్ కారును 201గానే నమోదు చేసి, బీమా భారమూ అంతకే కట్టించి అమ్మాలి. ఆ తేడా కొనేవాడి జేబులో పడనివ్వకుండా చౌక అనడం సరైన లెక్క కాదు.

అద్దె పద్ధతికి మరో ఇబ్బంది కూడా ఉంది, అది పాత కార్ల బజారులో తేలుతుంది. 1963 నాటి కిట్ బిగించిన ఫియట్ ఈరోజు చేతులు మారినా ఆ పిస్టన్లు దానితోనే వెళ్తాయి, ఎవరి సర్వరు మూతపడినా ఆగవు. చందా మీద నడిచే శక్తి అలా వెళ్లదు. టెస్ట్ డ్రైవ్‌లో చూసిన రుచి, కాగితాలు మారిన నెలలో ఉండకపోవచ్చు. కనుక వాడిన ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు బ్యాటరీ ఆరోగ్యంతోపాటు, కారులో ఏ ఏ శక్తులు సొంతమో, ఏవి అద్దెవో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఐడీ.3 విషయంలో 649 పౌండ్లు ఒకేసారి కట్టిన అప్‌గ్రేడ్ కారుతోనే ఉంటుంది, అమ్మితే కొత్త యజమానికి వెళ్తుంది. నెలకు 16.50 చొప్పున కట్టుకుంటూ పోయేవాళ్లు 40వ నెలకల్లా ఆ మొత్తాన్ని దాటేస్తారు, అప్పటికీ ఆ 27 హార్స్‌పవర్ వాళ్లది కాదు.